ఆయిల్ కమురు వాసన: చుక్క మాడే చోటు ఒకటి, కారే చోటు మరొకటి

సంక్షిప్తంగా: కారులో ఆయిల్ మాడిన వాసన వస్తోందంటే చాలాసార్లు ఆ ఆయిల్ ఇంజిన్ లోపల కాదు, బయట మాడుతోందని అర్థం. ఇంజిన్ భాగాల మధ్య సందును మూసే ప్యాకింగో సీలో ఏదో ఒకటి గట్టిపడి, ఆయిల్ చెమర్చి, వేడెక్కిన ఎగ్జాస్ట్ మీదికి జారుతుంది. వాసన ఏ వేళకు వస్తోంది, పొగ ఎటు నుంచి లేస్తోంది, ఆయిల్ మట్టం ఎంత వేగంగా తగ్గుతోంది అన్న మూడు విషయాలు గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది. మార్చాల్సిన భాగం తరచు చిన్నదే. అది ఎందుకు కారిందో చూడకుండా మారిస్తే మాత్రం వాసన తిరిగొస్తుంది.

## ఒక్క చుక్క చాలు

నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ వేడిలో తిరుగుతుంటుంది. ఆ వేడికి అది మాడదు. ఎక్కువ రకాల ఇంజిన్ ఆయిళ్ల ఫ్లాష్ పాయింట్, అంటే పైకి లేచిన ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమనే ఉష్ణోగ్రత, 200 డిగ్రీలు దాటాకే ఉంటుంది. ఇంజిన్ పక్కనే ఉండి, సిలిండర్ల పొగను సైలెన్సర్ వైపు పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి వేరు. పెట్రోల్ ఇంజిన్‌ను గట్టిగా తొక్కి నడిపితే మానిఫోల్డ్ 500 డిగ్రీలు దాటగలదు. టర్బో ఉన్న కార్లలో దాని ఎగ్జాస్ట్ వైపు భాగం ఎర్రగా కణకణలాడే దశకు కూడా చేరుతుంది. అలాంటి లోహం మీద ఆయిల్ చుక్క పడితే క్షణాల్లో పొగగా మారుతుంది. ఘాటుగా ముక్కుకు తగిలే ఆ కమురు ఆయిల్ విరిగిపోయేటప్పుడు పుట్టే ఆల్డిహైడ్‌ల వంటి పదార్థాలది.

మనిషి ముక్కు ఈ వాసనను చాలా తక్కువ మోతాదులోనే పసిగడుతుంది. చాలామందిని తికమక పెట్టేది ఇక్కడే. వాసన వస్తోందని డిప్‌స్టిక్ తీసి చూస్తారు, మట్టం సరిగ్గానే ఉంటుంది, లీకేజీ లేదని నిశ్చింతపడతారు. లెక్క వేస్తే ఆ నిశ్చింతకు ఆధారం లేదని తెలుస్తుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీద కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా ఇంచుమించు ఒక లీటరు. నిమిషానికి ఒక చుక్క చొప్పున ఎగ్జాస్ట్ మీద పడుతూ ఉంటే కారంతా కమురు కొడుతుంది. అయినా గంటకు పోయేది 3 మిల్లీలీటర్లే. వంద గంటలు నడిపినా ఆ గీతల మధ్య మూడోవంతు కూడా తగ్గదు. చిన్న లీకేజీని పట్టడంలో ముక్కుతో డిప్‌స్టిక్ పోటీ పడలేదు.

ఇక బోనెట్ కింద పుట్టిన వాసన క్యాబిన్‌లోకి ఎలా చేరుతుంది? ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గర ఉండే జల్లెడ లాంటి భాగం గుండానే ఏసీ, హీటర్ బయటి గాలిని పీల్చుకుంటాయి. కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలి పొగను కిందికీ వెనక్కీ ఊడ్చేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ గాలి ఉండదు, వేడి పైకి లేస్తుంది, పొగ నేరుగా ఆ జల్లెడ దగ్గరికి చేరుతుంది. ఆగినప్పుడు వాసన వచ్చి, కదలగానే పోవడానికి కారణం ఇదే. ఏసీని లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ మోడ్‌లో పెట్టి చూడటం ఖర్చు లేని పరీక్ష. వాసన తగ్గితే మూలం బోనెట్ కింద ఉన్నట్టు. ఏమాత్రం తగ్గకపోతే క్యాబిన్ లోపలి వైరింగ్, హీటర్ వంటివాటిని అనుమానించాలి.

## అది నిజంగా ఇంజిన్ ఆయిలేనా

కారులో మాడేవి చాలా ఉన్నాయి. క్లచ్ ప్లేటు మాడితే కాగితాలు కాలిన వాసన వస్తుంది, అదీ ఎక్కువగా ఎత్తు ఎక్కేటప్పుడు, హాఫ్ క్లచ్ మీద ఆపినప్పుడు. బ్రేకులు పట్టేస్తే ఘాటైన రసాయనపు వాసన చక్రం దగ్గర నుంచే వస్తుంది, ఆ చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటుంది. వైర్లు మాడితే ప్లాస్టిక్ కంపు, ఇది వస్తే ఇక పరిశోధన పెట్టుకోకుండా కారు ఆపేయడమే సరైనది. కూలెంట్ లీకయితే తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి కనిపిస్తుంది. గేర్ ఆయిల్‌లో గంధకపు మిశ్రమాలు ఉంటాయి కాబట్టి దాని వాసన ముక్కు మూసుకునేలా ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, కొన్ని పవర్ స్టీరింగ్ ఆయిళ్లు కూడా ఎగ్జాస్ట్ మీద పడి ఇంజిన్ ఆయిల్‌లాగే కమురు కొడతాయి. వాటిలో చాలావాటి రంగు ఎరుపు కాబట్టి కింద పరిచిన అట్టముక్క మీద మరక తేడా చెప్పేస్తుంది.

జబ్బు కానివి కూడా కొన్ని ఉన్నాయి. కొత్త కారులోనూ, కొత్తగా మార్చిన సైలెన్సర్‌లోనూ తుప్పు పట్టకుండా పూసిన పూత మొదటి కొన్ని ప్రయాణాల్లో కాలుతుంది. రోడ్డు మీద ఎగిరే ప్లాస్టిక్ సంచి ఎగ్జాస్ట్ పైపుకు అంటుకుని రోజుల తరబడి మాడుతుంటుంది. డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునేందుకు 600 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కినప్పుడు వేడి లోహపు వాసన కాసేపు వస్తుంది.

## వాసన వచ్చే వేళ ఏం చెబుతుంది

మెకానిక్‌కు "కమురు వాసన వస్తోంది" అని మాత్రమే చెబితే అతడు మొదటి నుంచీ వెతకాలి. ఎప్పుడు వస్తోందో కలిపి చెబితే సగం పని తగ్గుతుంది.

ఆయిల్ మార్పించిన మర్నాడే మొదలైతే ముందు అనుమానించాల్సింది ఒలికిన ఆయిల్‌నే. ఫిల్టర్ విప్పినప్పుడు కొంత ఆయిల్ కారి బ్రాకెట్లలోనో అడుగు కవచంలోనో నిలుస్తుంది. అది కొద్ది రోజుల్లో కాలి పోతుంది. వారం దాటినా తగ్గకపోతే ఒలకడం కాదు, బిగింపులో లోపం. అందులో ప్రమాదకరమైనది ఒకటుంది: పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోగా, చూసుకోకుండా దాని మీద కొత్త ఫిల్టర్ బిగించడం. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవలేవు. ఒత్తిడికి ఏ క్షణంలోనైనా పక్కకు జారి, ఆయిల్ మొత్తం నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

బయల్దేరిన పది, పదిహేను నిమిషాలకు మొదలయ్యే వాసన మామూలు లీకేజీది. ఎగ్జాస్ట్ వేడెక్కాలి, ఆయిల్ పలచబడాలి, అప్పటిదాకా ఏమీ తెలియదు. రోజూ దగ్గరి దూరాలే తిరిగే కారులో ఏళ్ల తరబడి బయటపడని లీకేజీ తొలి దూరప్రయాణంలోనే బయటపడటానికి కారణమిదే. మలుపుల్లోనో గట్టి బ్రేకు వేసినప్పుడో మాత్రమే వస్తే ఎక్కడో నిలిచిన ఆయిల్ ఒక పక్కకు ఒరిగి ఎగ్జాస్ట్ మీద పడుతున్నట్టు. ఇంజిన్ పైభాగాన్ని మూసే హెడ్ కవర్ అంచులో ఉన్న గాడిలో ఆయిల్ నిలవడం ఇలాంటి ప్రవర్తనకు మూలం కావచ్చు. కారు ఆపి దిగిన తర్వాతే వాసన తగిలితే లీకేజీ ఇంకా తొలిదశలో ఉందనుకోవచ్చు.

## పొగ వెనక నుంచి వస్తే కథ వేరు

సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తోందంటే ఆయిల్ సిలిండర్ లోపల మాడుతోంది. దీని వాసన క్యాబిన్‌లోని వాళ్లకంటే వెనక వచ్చే వాహనం వాళ్లకే ముందు తెలుస్తుంది. బయటి లీకేజీలో వాసన ఎక్కువ, ఆయిల్ ఖర్చు తక్కువ. లోపల మాడుతుంటే తలకిందులు: వాసన పెద్దగా తెలియకుండానే మట్టం పడిపోతుంది. కొంత ఖర్చు సహజమే, కొన్ని తయారీ సంస్థల కరదీపికలు వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు వరకూ మామూలేనని రాస్తాయి. వాడుకదారుడి వైపు నుంచి చూస్తే అది ఉదారమైన లెక్కే.

రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ కొట్టి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. రాత్రి మెల్లగా దిగిన ఆయిలే ఆ పొగ. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల వైపు చూడాలి. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా తొక్కినప్పుడు గుప్పుమంటే, టర్బో ఉన్న కారైతే దాని సీళ్లు కూడా అనుమానితులే. రింగులా వాల్వులా అన్నది తేల్చడానికి కంప్రెషన్ పరీక్ష ఉంది. ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందులను తాత్కాలికంగా మూసిందన్నమాట. పెరగకపోతే వాల్వుల దగ్గర చూడాలి.

ఇవేవీ చేసే ముందు డిప్‌స్టిక్ గరిష్ఠ గీత దాటి ఉందేమో చూడటం మంచిది. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర గాలి గొట్టాల ద్వారా సిలిండర్లలోకి చేరి నీలిపొగ కక్కిస్తుంది. ఇంజిన్ విప్పదీయాలన్న నిర్ణయం దాకా వెళ్లిన సమస్య ఒక లీటరు ఆయిల్ తీసేస్తే పోయే సందర్భాలూ ఉంటాయి.

## కారే చోట్లు

బయటి లీకేజీల్లో మొదటి అనుమానం హెడ్ కవర్ ప్యాకింగ్ మీదే. దీన్నే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అనీ అంటారు. ఇది ఇంజిన్‌లో అన్నిటికంటే పైన ఉంటుంది, కాబట్టి దీని నుంచి కారినది ఏదైనా కిందికి జారే దారిలో ఎగ్జాస్ట్‌ను తాకే అవకాశం ఎక్కువ. ప్యాకింగ్ రబ్బరు కొత్తగా ఉన్నప్పుడు నొక్కితే తిరిగి లేస్తుంది, ఆ తిరిగి లేచే గుణంతోనే సందును మూస్తుంది. వేల సార్లు వేడెక్కి చల్లారాక ఆ గుణం పోయి, నొక్కిన ఆకారంలోనే బిగుసుకుపోతుంది. పాత ప్యాకింగ్ బయటికి తీస్తే రబ్బరులా వంగదు, పుల్లలా విరుగుతుంది. ఇంజిన్ అడ్డంగా అమర్చిన కార్లు కొన్నింటిలో ఎగ్జాస్ట్ వెనకవైపు, క్యాబిన్ గోడ దగ్గర ఉంటుంది. అప్పుడు కవర్ వెనక అంచు నుంచి కారేది బోనెట్ ఎత్తి చూసినా కనబడదు. చిన్న అద్దమో ఫోన్ కెమెరానో వెనక్కి దూర్చి చూడాలి. కొన్ని ఇంజిన్లలో ఇదే కవర్‌లో స్పార్క్ ప్లగ్ గొట్టాల సీళ్లూ ఉంటాయి. అవి పోతే ఆయిల్ ప్లగ్ గుంటల్లో నిండి ఇంజిన్ తడబడుతుంది.

ఆ తర్వాత వచ్చేవి ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ప్యాకింగ్, ఆయిల్ కూలర్ సీళ్లు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, టైమింగ్ కవర్, టర్బోకు వెళ్లే గొట్టాల కీళ్లు. ప్రెషర్ స్విచ్ చిన్నదే అయినా ఒత్తిడి ఉన్న దారిలో ఉంటుంది కాబట్టి పగిలితే చెమర్చడం కాదు, చిమ్ముతుంది. ఆయిల్ చాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ నట్ వాషర్ అడుగున ఉంటాయి గనుక వాటి నుంచి కారేది ఎక్కువగా నేల మీదే పడుతుంది. మరక మిగులుతుంది తప్ప వాసన తక్కువ. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోతే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలు కనిపిస్తాయి, ఆయిల్ క్లచ్ ప్లేటుకు తగిలితే అది జారుతుంది కూడా.

## కింద తడి, పైన మూలం

ఈ మొత్తం వ్యవహారంలో ఖరీదైన పొరపాట్లు ఎక్కువగా జరిగేది క్రాంక్ వెనక సీల్ దగ్గరే. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికీ ప్రయాణపు గాలికీ వెనక్కి పాకుతుంది. అందుకే హెడ్ కవర్ వెనక మూల నుంచి కారినది కూడా ఇంజిన్ వీపు మీదుగా దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ కలిసే చోట చుక్క కడుతుంది. లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు నుంచి మాత్రమే చూసినవారికి అది క్రాంక్ సీల్ లీకేజీలాగే కనిపిస్తుంది. హెడ్ కవర్ ప్యాకింగ్ చాలా ఇంజిన్లలో కొద్ది గంటల పని. క్రాంక్ సీల్ కోసం గేర్‌బాక్స్ మొత్తం దించాలి. దించి, మార్చి, ఎక్కించాక మళ్లీ అదే చుక్క కనిపిస్తే ఎవరిని అడగాలి?

కనుక నియమం ఒకటే: తడిగా ఉన్న అత్యంత ఎత్తైన చోటు, అందులోనూ ముందువైపు చోటు దొరికేదాకా పైకి వెతుక్కుంటూ పోవాలి. పాత జిడ్డు పేరుకుని ఉంటే అదీ సాధ్యం కాదు. ముందు ఇంజిన్ చల్లారాక జిడ్డు తీసే ద్రావణంతో శుభ్రం చేయాలి. ఆల్టర్నేటర్, ఇగ్నిషన్ కాయిళ్లు, కనెక్టర్ల మీద నీటి ధార కొట్టకూడదు. ఆరాక కొంత దూరం నడిపి మళ్లీ చూస్తే కొత్త తడి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. అప్పటికీ అంతుపట్టకపోతే ఆయిల్‌లో ఫ్లోరోసెంట్ రంగు కలిపి, నడిపి, అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. ఆయిల్ దారి పొడవునా పచ్చగా మెరుస్తుంది, ఆ దారి ఎక్కడ మొదలైందో అదే మూలం. ఈ పరీక్షకు పట్టే సమయం గేర్‌బాక్స్ దించే సమయం ముందు ఏపాటిది కాదు. అది చేయకుండా పెద్ద పనికి ఒప్పుకోవడానికి కారణం కనిపించదు.

## కొత్త ప్యాకింగ్ మళ్లీ ఎందుకు కారుతుంది

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా పేలుడు వాయువులు కొద్దిగా కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతూనే ఉంటాయి. వాటిని బయటికి లాగి తిరిగి ఇంజిన్‌కే మండించడానికి పంపేది పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వ్యవస్థ. చాలా పెట్రోల్ కార్లలో ఇది ఒక చిన్న వాల్వు, రెండు గొట్టాలే. దగ్గరి దూరాలే తిరిగే కార్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక తేమ ఆవిరి కాదు, ఆయిల్‌తో కలిసి జిగురు మడ్డి అవుతుంది. ఆ మడ్డి పీసీవీ దారిని మూసేస్తుంది. బయటికి పోయే దారి లేని ఒత్తిడి ఇంజిన్‌లో ఏ సీల్ బలహీనంగా ఉంటే దాన్నే నెట్టి ఆయిల్‌ను బయటికి తోస్తుంది.

ఇలాంటి ఇంజిన్‌లో హెడ్ కవర్ ప్యాకింగ్ మారిస్తే రెండు నెలల్లో మరో చోట కారుతుంది, అది ఆపితే ఇంకోచోట. వరసగా రెండు మూడు సీళ్లు పోయాయంటే సీళ్ల నాణ్యతను తిట్టుకునే ముందు పీసీవీని చూడాలి. తేలికైన పరీక్ష ఉంది: ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, పలుచని కాగితం ఆ నోటి మీద ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ చాలావరకు కాగితాన్ని మెల్లగా లాక్కుంటుంది లేదా కాస్త అల్లాడిస్తుంది. బలంగా ఎగరగొడితే లోపల ఒత్తిడి పేరుకుందని తెలుస్తుంది. కారణం మూసుకుపోయిన పీసీవీ కావచ్చు, అరిగిన రింగులూ కావచ్చు. మూత తీయడానికే బలం కావాల్సినంతగా లాగేసుకుని, ఈల లాంటి శబ్దం వస్తుంటే పీసీవీ లోపలి పొర చిరిగి ఉండొచ్చు.

## నడపవచ్చా, ఆపాలా

మూలాన్ని వదిలేసి చుట్టూ బాగుచేస్తే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ ఒకటుంది. జనరల్ మోటార్స్ తన 3.8 లీటర్ల వీ6 ఇంజిన్ కార్లను ఇదే లోపానికి పలుమార్లు వెనక్కి పిలిచింది. హెడ్ కవర్ ప్యాకింగ్ నుంచి ఆయిల్ చెమర్చి, గట్టి బ్రేకు వేసినప్పుడు చుక్కలు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి మంటలు లేచే ప్రమాదం ఉందన్నది కారణం. 2009లో చేసిన సవరణ మంట పాకడానికి అవకాశమిచ్చే స్పార్క్ ప్లగ్ వైర్ల ప్లాస్టిక్ పట్టీల గురించి. ఆ తర్వాత కూడా, మరమ్మతు అయిన కార్లలోనే వెయ్యికి పైగా మంటలు నమోదయ్యాయి. 2015 అక్టోబరులో 1997 నుంచి 2004 వరకు మోడళ్లకు చెందిన సుమారు 14 లక్షల కార్లను మళ్లీ పిలవాల్సి వచ్చింది.

కమురు వాసన వచ్చిన ప్రతి కారూ తగలబడదు. చాలావరకు చుక్క పొగై పోతుంది, అంతే. అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే వాయిదా కుదరదు. బోనెట్ అంచుల నుంచి కంటికి కనిపించేంత పొగ రావడం, నేల మీద మరక కాకుండా మడుగు కట్టడం, ఎర్రటి ఆయిల్ దీపం వెలగడం అలాంటివి. ఆ ఎర్రదీపం చెప్పేది మట్టం గురించి కాదు, ఒత్తిడి గురించి. అది వెలిగాక నడిపే ప్రతి నిమిషమూ బేరింగుల మీద గీత పెడుతుంది, ఇంజిన్ సీజ్ అయ్యే దాకా తీసుకెళ్తుంది. వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. మంట అనుమానం ఉంటే బోనెట్ పూర్తిగా ఎత్తకూడదు, లోపలికి చేరే గాలి మంటను పెంచుతుంది. ముందు అందరూ దిగి దూరంగా జరగాలి. ఆయిల్ వాసనతో పాటు ఎగ్జాస్ట్ పొగ వాసన కూడా లోపలికి వస్తూ తలనొప్పి, మగత అనిపిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. కిటికీలు తెరిచి ఆపాల్సిందే. ఇవేవీ లేకుండా వాసన ఒక్కటే ఉంటే రోజూ డిప్‌స్టిక్ చూసుకుంటూ కొద్దిరోజుల్లో బాగుచేయించుకోవచ్చు.

## బాగుచేసేటప్పుడు

లీకేజీ కనిపించగానే కవర్ బోల్టులు మరికాస్త బిగించడం తరచు ఎదురయ్యే చిట్కా. గట్టిపడిన రబ్బరును నొక్కితే ఇంకా చితుకుతుంది, ప్లాస్టిక్ కవరైతే వంగుతుంది లేదా పగులుతుంది. ఈ చిన్న బోల్టులకు కావాల్సింది చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే, అంటే చేతి మణికట్టుతో బిగించేంతే. టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన వరసలో బిగించాలి.

సిలికాన్ పేస్టు అతిగా రాయడం మరో దురలవాటు. హెడ్, టైమింగ్ కవర్ కలిసే మూలల్లో చిన్న చుక్క పెట్టమని తయారీదారులే చెబుతారు. అంచు పొడవునా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి, చాంబర్‌లో ఆయిల్ పీల్చుకునే జల్లెడకు అడ్డుపడతాయి. చుక్క ఆపబోయి ఇంజిన్‌కే ఆయిల్ అందకుండా చేసినట్టవుతుంది.

లీకేజీ ఆపుతాయని అమ్మే ద్రవాలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. కొద్దిగా గట్టిపడిన సీల్ దగ్గర కొంతకాలం పనిచేయవచ్చు. విరిగిన ప్యాకింగ్‌నూ, పగిలిన కవర్‌నూ అవి అతికించలేవు.

మరమ్మతు అయ్యాక వాసన ఆ రోజే ఆగదు. హీట్ షీల్డ్ మడతల్లో, ఎగ్జాస్ట్ చుట్టూ చుట్టిన పొరల్లో పీల్చుకుని ఉన్న పాత ఆయిల్ కాలిపోవాలి. రోజురోజుకూ తగ్గుతూ పోతే పని కుదిరినట్టే. మూడు నాలుగు రోజులు తగ్గి మళ్లీ పెరిగితే బోనెట్ ఎత్తాలి. ఇంజిన్ చల్లగా, కారు సమతలం మీద ఉండగా మట్టం గుర్తుపెట్టుకుని, 500 కిలోమీటర్ల తర్వాత అలాగే మళ్లీ చూసి, కొత్త ప్యాకింగ్ అంచు వెంట తెల్లటి గుడ్డతో ఒకసారి తుడిచి చూస్తే ఫలితం ఆ గుడ్డ మీదే కనిపిస్తుంది.